లోపల మారిందని కంప్యూటర్‌కు తెలియకూడదు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బడిపిల్లలున్న కొన్ని ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త సామాను కనిపిస్తోంది. అరచేతిలో ఇమిడే నీలం రంగు సర్క్యూట్ బోర్డు. పేరు ఆర్డుయినో ఊనో. ఒకప్పుడు పాలిటెక్నిక్ కుర్రాళ్లు సికింద్రాబాద్ రైలెక్కి వెళ్లి, కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి తెచ్చుకునేవాళ్లు. 2016లో నీతి ఆయోగ్ బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టాక ఇది ఆరో తరగతి దాకా దిగొచ్చింది. మిరప చేలో తేమ కొలవడానికీ, ట్యాంకు నిండగానే మోటారు ఆపడానికీ, సైన్స్ ఫెయిర్‌లో బహుమతి కొట్టడానికీ అదే బోర్డు.

దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపగానే ఒక చిన్న మోత వినిపిస్తుంది. వినిపించకపోతే పిల్లవాడు వెనక్కి తిరిగి, “సార్, గుర్తు పడ్తలేదు” అంటాడు. ఆ మోత వచ్చేలోపు లోపల ఏం జరుగుతుంది? దాన్ని జరిపించే సాఫ్ట్‌వేర్‌ను మొత్తంగా తీసేసి ఇంకొకటి పెట్టాల్సి వస్తే ఏం చేస్తారు? ఈవేళ మాట్లాడబోయేది దాని గురించి.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక సంగతి. గుర్తు పడ్తలేదన్న ప్రతిసారీ ముందు కేబుల్ మార్చి చూడండి. చవక చార్జింగ్ కేబుళ్లలో కొన్నిటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి, సమాచారం మోసే తీగలు రెండూ ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది గనక కేబుల్ మంచిదే అనుకుంటాం. మధ్యాహ్నం దాకా ప్రోగ్రాముతో కుస్తీ పట్టి, చివరికి కేబుల్ మారిస్తే పని అయిపోయిన సందర్భాలు ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసినవే.

యూఎస్‌బీ 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్, బరోడాలో చదువుకున్నవాడు. అంతకుముందు కంప్యూటర్ వెనక మౌస్‌కు ఒక రంధ్రం, ప్రింటర్‌కు ఒకటి, మోడెమ్‌కు ఇంకొకటి ఉండేవి. అన్నిటినీ ఒకే రకం చేశారు. చేసినందుకు ఒక నియమం పెట్టారు: పెత్తనమంతా కంప్యూటర్‌దే. పరికరం తనంతట తాను ఒక్క అక్షరం కూడా పంపకూడదు, అడిగినప్పుడే పలకాలి. సింగిల్ లైను రైలుమార్గంలో స్టేషన్ మాస్టర్ చేతి నుంచి టోకెన్ అందుకోనిదే డ్రైవర్ బండి కదిలించేవాడు కాదు చూడండి, ఇక్కడా అంతే.

కేబుల్ గుచ్చగానే బోర్డు చేసే మొదటి పని, సమాచారం మోసే రెండు తీగల్లో ఒకదాన్ని ఒకటిన్నర కిలో ఓముల రెసిస్టర్ ద్వారా పైకి లాగడం. డీ ప్లస్ అనే తీగ పైకి లేస్తే సెకనుకు 12 మెగాబిట్ల వేగం, డీ మైనస్ లేస్తే ఒకటిన్నర మెగాబిట్ల వేగం. అది చూసి ఎవరో వచ్చారని కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఒకసారి రీసెట్ చేసి, “నువ్వెవరు?” అని అడుగుతుంది. బోర్డు 18 బైట్ల జవాబు ఇస్తుంది. అందులో తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య ఉంటాయి. అప్పుడు కంప్యూటర్ దానికి ఒకటి నుంచి 127 లోపు ఒక చిరునామా కేటాయిస్తుంది. ఆ తర్వాత “నువ్వేం చేయగలవు?” అని అడుగుతుంది. నేను సీరియల్ పోర్టును అనో, కీబోర్డును అనో, పెన్ డ్రైవును అనో బోర్డు చెప్పుకుంటుంది. తగిన డ్రైవర్ దొరికితే మోత వస్తుంది. ఈ తతంగమంతా రెప్పపాటులో ముగుస్తుంది.

ఇన్ని ప్రశ్నలకూ సరైన జవాబులు, సరైన వరసలో, గడువులోపల ఇచ్చే ప్రోగ్రాముల కట్టనే యూఎస్‌బీ లైబ్రరీ అంటాం. పరికరం చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఫర్మ్‌వేర్. ఈ లైబ్రరీ అందులో ఒక భాగం. ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు దీన్ని సాధారణంగా సొంతంగా రాయరు. ఎవరో రాసిపెట్టిందే వాడతారు. యూఎస్‌బీ ప్రమాణం పుస్తకం వందల పేజీలు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం చేద్దామనుకున్నవాడు ఆ పుస్తకం ముగించేసరికి వేసవి అయిపోతుంది.

ఇలా రాసిపెట్టిన వాటిలో నాకు ముచ్చటగా తోచేది వీ-యూఎస్‌బీ. ఆస్ట్రియాలోని ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ అనే సంస్థ చేసింది. యూఎస్‌బీ సర్క్యూటే లేని చవక ఏవీఆర్ చిప్ చేత కేవలం సాఫ్ట్‌వేర్‌తో యూఎస్‌బీ మాట్లాడించారు. లెక్క చూడండి. చిప్ గడియారం సెకనుకు కోటీ 20 లక్షల సార్లు కొట్టుకుంటుంది. తీగ మీద సెకనుకు 15 లక్షల బిట్లు వస్తాయి. అంటే ఒక్కో బిట్టుకు దొరికేది ఎనిమిది దెబ్బలు. ఆ ఎనిమిదింటిలోనే బిట్టును చదవాలి, ముందుదానితో పోల్చి సున్నానో ఒకటో తేల్చాలి, వరసగా ఆరు ఒకట్లు వస్తే తర్వాత వచ్చే దొంగ సున్నాను ఏరి పారేయాలి, ఎనిమిది బిట్లు పోగయితే బైటును దాచాలి. ఒక్క దెబ్బ తప్పితే మొత్తం పోతుంది. ఇంతా చేసి ఆ లైబ్రరీ చిప్‌లో తీసుకునే చోటు కనీసం పదకొండు వందల యాభై బైట్ల నుంచి మొదలవుతుంది. మన ల్యాబుల్లో చిప్‌లోకి ప్రోగ్రాము ఎక్కించే యూఎస్‌బీ ఏఎస్‌పీ అనే చిన్న పరికరం ఉంటుంది కదా, దాని లోపల నడిచేది ఇదే.

రెండోది లూఫా. ఆస్ట్రేలియాకు చెందిన డీన్ కామెరా విద్యార్థి దశలో మొదలుపెట్టాడు. ఇందాకటి ఊనో బోర్డును దగ్గరగా పెట్టి చూస్తే యూఎస్‌బీ రంధ్రం పక్కనే చిన్న చదరపు చిప్ ఒకటి కనిపిస్తుంది. పిల్లల ప్రోగ్రాము నడిచేది పక్కనున్న పెద్ద చిప్‌లో. ఈ చిన్నది దుబాసీ. యూఎస్‌బీని మామూలు సీరియల్ మాటగా మార్చి పెద్దదానికి చెబుతుంది. అసలైన ఊనోలో ఈ చిన్న చిప్ ఫర్మ్‌వేర్ లూఫా మీద కట్టిందే. చవక నకలు బోర్డుల్లో దాని బదులు సీహెచ్340 అనే చైనా చిప్ ఉంటుంది. మన ప్రాంతంలో ఎక్కువగా తిరిగేవి అవే. వాటిలో చదవడానికి సోర్సు కోడ్ ఉండదు.

2010లో ఊనో రాకముందు ఆర్డుయినో బోర్డుల్లో ఆ దుబాసీ పని ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ చేసేది. లోపల ఏముందో ఆ కంపెనీకే తెలియాలి. ఆ చిప్‌కు నకళ్లు విపరీతంగా పుట్టుకొచ్చాయి. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ వెంట వచ్చిన ఆ కంపెనీ కొత్త డ్రైవర్, నకిలీ చిప్ కనిపిస్తే దాని వస్తువు సంఖ్యను సున్నా చేసేసింది. సున్నా అయ్యాక మామూలు డ్రైవర్లు దాన్ని గుర్తుపట్టవు. కొన్నవాడికి తన దగ్గరున్నది నకిలీ అని తెలియనే తెలియదు. గోల లేచాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. నకిలీ చేసినవాణ్ని పట్టుకోవడం న్యాయమే. కానీ దెబ్బ తిన్నది బల్ల ముందు కూర్చున్న కుర్రాడు. తన పరికరం లోపల ఏముందో చదివే హక్కు, మార్చుకునే హక్కు ఉండడం ఎందుకు ముఖ్యమో ఆ నెలలో చాలామందికి తెలిసొచ్చింది.

ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లోనే అయినా, బాగా నడుస్తున్న లైబ్రరీని ఎందుకు మార్చాలి? మామూలుగా మార్చకూడదు, నా మటుకు నేను అదే చెబుతాను. ఊనోలోని ఆ చిన్న చిప్ ఫర్మ్‌వేర్‌ను కట్టింది 2010 ఆగస్టు నాటి లూఫాతో. తర్వాత లూఫాకు పదేళ్ల పాటు కొత్త వెర్షన్లు వచ్చాయి, 2021 జనవరి దాకా. అయినా ఊనో తయారీదారులు ఆ పాతదాన్నే నమ్ముకున్నారు. తప్పేం లేదు, దాని పని అది చేస్తోంది. కొత్తది వచ్చిందన్న ఒక్క కారణానికి మార్చేవాళ్లు బాగా నడుస్తున్న ఇంటి మోటారును విప్పే ఉత్సాహవంతుల బాపతే.

కానీ కొన్నిసార్లు తప్పదు. చిప్ కంపెనీలు తమ చిప్‌తోపాటు తమ లైబ్రరీని ఉచితంగా ఇస్తాయి. ఉచితమే, షరతు మాత్రం ఉంటుంది: మా చిప్‌ల మీద మాత్రమే వాడాలి. ఆట్మెల్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఎఫ్ లైబ్రరీలో ఆ మాట అచ్చంగా రాసి ఉంది. ఒకే చిప్‌తో కాలం గడిచినన్నాళ్లు ఎవరికీ పట్టదు. రెండో కంపెనీ చిప్ కావాల్సి వచ్చిన రోజున చిక్కు తెలుస్తుంది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కరువు వచ్చినప్పుడు ఎస్‌టీ కంపెనీ చిప్‌లు దొరక్క, దొరికినా ధర అందక, చిన్న తయారీదారులు దొరికిన చిప్‌కు మళ్లారు. ఆ ఏడాది జనవరిలోనే నాలుగు డాలర్లకు రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు బయటికి రావడం చాలామందికి ఊపిరి పోసింది. ఒక చిప్‌కు కట్టేసిన లైబ్రరీ మీద ఫర్మ్‌వేర్ కట్టుకున్నవాళ్లకు మాత్రం చిప్ మారడమంటే సగం పని మొదటి నుంచి మొదలుపెట్టడమే.

దీన్ని ముందుగానే ఎదుర్కొన్న ప్రాజెక్టు సర్క్యూట్‌పైథాన్. న్యూయార్క్‌లోని అడాఫ్రూట్ సంస్థ పిల్లల కోసం, కొత్తవాళ్ల కోసం మైక్రోపైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి చీల్చి పెంచింది. బోర్డు గుచ్చితే పెన్ డ్రైవులాగా ఒక డ్రైవ్ తెరుచుకుంటుంది. అందులోని కోడ్ డాట్ పీవై అనే ఫైలు దిద్ది సేవ్ చేస్తే చాలు, ప్రోగ్రాము నడిచిపోతుంది. వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించక్కర్లేదు. తాళం వేసిన ల్యాబు కంప్యూటర్లలో దీని విలువ టీచర్లకు తెలుసు. ఈ సౌకర్యమంతా యూఎస్‌బీ మీదే నిలబడి ఉంది: ఒకే కేబుల్‌లో డ్రైవు, సీరియల్ పోర్టు, కీబోర్డు, సంగీతానికి మిడి, అన్నీ కలిపి. మొదట్లో ఆట్మెల్ చిప్‌ల మీద ఆ కంపెనీ లైబ్రరీతోనే నడిచింది. తర్వాత నార్డిక్ కంపెనీ చిప్ కూడా కావాల్సి వచ్చింది. దానికి మరో లైబ్రరీ పెడితే, ప్రతి సౌకర్యాన్నీ రెండుసార్లు రాయాలి, ప్రతి తప్పునూ రెండుసార్లు దిద్దాలి. మూడో కంపెనీ వస్తే మూడుసార్లు.

వాళ్లు మొత్తంగా టైనీయూఎస్‌బీకి మారారు. వియత్నాంకు చెందిన హా థాచ్ రాసిన లైబ్రరీ అది. లైసెన్సు ఎంఐటీది, ఏ చిప్ మీదైనా వాడుకోవచ్చు. చిప్‌ను ముట్టుకునే కింది భాగం వేరు, యూఎస్‌బీ నియమాలు తెలిసిన భాగం వేరు. కొత్త చిప్ వస్తే కింది భాగం ఒక్కటే రాస్తే సరిపోతుంది. 2019లో వచ్చిన సర్క్యూట్‌పైథాన్ 4.0 ఈ మార్పుతోనే వచ్చింది. తర్వాత పికో బోర్డుతోపాటు ఇచ్చే సామగ్రిలోనూ ఇదే లైబ్రరీ ఉంది. 2023లో వచ్చిన ఊనో ఆర్4 మినిమాలోనూ ఇదే.

ఇక మార్చేటప్పుడు ఎక్కడెక్కడ కాలు జారుతుందో చూద్దాం. కొత్త లైబ్రరీ పిలుపుల పేర్లు వేరుగా ఉండడం, వాటిని ఒక్కొక్కటిగా దిద్దుకోవడం విసుగు పుట్టించే పనే తప్ప కష్టమైనది కాదు. తప్పు ఉంటే, ప్రోగ్రామును చిప్ భాషలోకి మార్చే కంపైలర్ అరిచి చెబుతుంది. కంపైలర్ నోరు మెదపని చోట్లే ఇబ్బంది.

మొదటిది చిరునామా. కంప్యూటర్ కొత్త చిరునామా ఇచ్చినప్పుడు బోర్డు సరేనని ఒక ఖాళీ జవాబు పంపాలి. ఆ జవాబు పాత చిరునామా, అంటే సున్నా నుంచే వెళ్లాలి. అది వెళ్లాకే కొత్త చిరునామాకు మారాలి. మారడానికి గడువు రెండు మిల్లీసెకన్లు. కొన్ని చిప్‌లలో సర్క్యూటే ఈ జాగ్రత్త తీసుకుంటుంది, చిరునామాను ముందే రాసినా అది సమయం చూసి మారుతుంది. ఇంకొన్నిటిలో సాఫ్ట్‌వేరే చూసుకోవాలి. ఒక చిప్‌కు అలవాటుపడ్డ చేత్తో రెండో చిప్ కింది భాగం రాస్తే, తొందరపడి ముందే మారిపోతుంది. కంప్యూటర్ సున్నా దగ్గర జవాబు కోసం చూస్తుంటుంది, బోర్డు కొత్త ఇంట్లో కూర్చుని ఉంటుంది. తెర మీద కనిపించేది ఒకటే: పరికరం గుర్తించబడలేదు.

రెండోది ఇంకా మాయదారిది. 12 మెగాబిట్ల వేగంలో ఈ సీరియల్ పోర్టులు, డ్రైవులు వాడే దారిలో ఒక్కో ప్యాకెట్‌లో పట్టేది 64 బైట్లు. 100 బైట్ల మాటైతే 64 ఒకటి, 36 ఒకటి వెళ్తాయి. 64 కన్నా చిన్న ప్యాకెట్ వచ్చిందంటే మాట అయిపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది. మరి మాట సరిగ్గా 64 బైట్లే ఉంటే? అయిపోయిందో, ఇంకా ఉందో తెలియదు. అందుకని వెంట ఒక ఖాళీ ప్యాకెట్, సున్నా బైట్లది, పంపాలి. కొన్ని లైబ్రరీలు దాన్ని తామే పంపుతాయి. కొన్ని ఆ బాధ్యత మన మీద వదిలేస్తాయి. పాతది పంపేది, కొత్తది పంపదు అనుకోండి. తేమ 41, తేమ 42 అని పోతున్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి తేమ మూడంకెలకు చేరి, లేదా పేరులో ఒక అక్షరం పెరిగి, వాక్యం సరిగ్గా 64కు చేరుతుంది. తెర బిగుసుకుపోతుంది. కేబుల్ పీకి పెడితే మళ్లీ నడుస్తుంది. కరెంటు సరిగా లేదనో, బోర్డు వేడెక్కిందనో, ఎండ మీదనో నెపం పడుతుంది. 63 బాగానే ఉంది, 65 బాగానే ఉంది, 64 మాత్రం లేదు. ఇది పట్టుకోవాలంటే అదృష్టం చాలదు, ఒకటి నుంచి మొదలుపెట్టి 130 దాకా ప్రతి పొడవూ పంపి చూడాలి.

మూడోది సమయం. కొన్ని లైబ్రరీలు కంప్యూటర్ అడిగిన మరుక్షణమే ఇంటరప్ట్‌లో జవాబు చెప్పేస్తాయి. మన ప్రోగ్రాము ఏం చేస్తున్నా వాటికి పట్టదు. టైనీయూఎస్‌బీ అలా చేయదు. వచ్చిన ప్రశ్నను వరసలో పెట్టి, మనం టీయూడీ టాస్క్ అనే పిలుపు పిలిచినప్పుడు తీరిగ్గా జవాబిస్తుంది. దానివల్ల ప్రోగ్రాము భద్రంగా ఉంటుంది, మంచి ఆలోచనే. అయితే పాత ఫర్మ్‌వేర్‌లో సెన్సార్ కోసం రెండు సెకన్లు ఊరికే ఆగే వాక్యం ఒకటి ఉందనుకోండి. ఇన్నాళ్లూ దానివల్ల ఏ నష్టమూ లేదు. ఇప్పుడు ఆ రెండు సెకన్లూ బోర్డు మూగబోతుంది. అది మొదటి పరిచయం జరిగే వేళే అయితే కంప్యూటర్ విసిగి వదిలేస్తుంది. అందుకే లైబ్రరీ మార్చే పని చాలాసార్లు యూఎస్‌బీకి సంబంధమే లేని ఫైళ్లలో, పాత ఆలస్యాలను వెతికి తీసేయడంలో గడుస్తుంది.

ఇక నాలుగోది, మాలాంటి టీచర్లకు ప్రాణం మీదికి తెచ్చేది. బోర్డుకు తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్యతోపాటు క్రమసంఖ్య కూడా ఉంటుంది. విండోస్ ఈ మూడూ చూసి కామ్ 3, కామ్ 7 అని పోర్టు నంబరు ఇస్తుంది. కొత్త లైబ్రరీ చిప్ గుర్తింపు సంఖ్యను తలకిందులుగా చదివినా, విండోస్ లెక్కలో అది కొత్త బోర్డే. నిన్నటి కామ్ 3 ఇవాళ కామ్ 11 అవుతుంది. ల్యాబు ప్రోగ్రాములో కామ్ 3 అని గట్టిగా రాసి పెట్టి ఉంటుంది. గదిలో ఒక్కొక్కరూ చేయెత్తుతారు. క్రమసంఖ్య అసలే ఇవ్వకపోతే ఇంకో తమాషా: కుడి రంధ్రంలో ఒక నంబరు, ఎడమ రంధ్రంలో ఒక నంబరు.

అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు కోడ్ ముట్టుకునే ముందు పాత బోర్డు చెప్పే పరిచయ వాక్యాలన్నీ, ఆ 18 బైట్లతో సహా, రాసి పెట్టుకుంటారు. లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ హైఫన్ వీ అనే ఆదేశం ఇస్తే అన్నీ కనిపిస్తాయి. కొత్త లైబ్రరీ ఎక్కించాక మళ్లీ తీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక్క బైటు తేడా ఉన్నా అది కావాలని చేసిందేనా అని ప్రశ్నించుకుంటారు. కావాలనే కొత్త సౌకర్యం చేరిస్తే, ఉదాహరణకు సీరియల్ పోర్టు పక్కన డ్రైవు కూడా పెడితే, వస్తువు సంఖ్యో వెర్షన్ సంఖ్యో మార్చి తీరాలి. లేకపోతే విండోస్ పాత జ్ఞాపకంతో పాత డ్రైవరే తగిలిస్తుంది. తయారీదారు సంఖ్య సొంతంగా కొనుక్కోవాలంటే వేల డాలర్లు. ఓపెన్ సోర్స్ పరికరాలకు పిడ్ డాట్ కోడ్స్ అనే చోట హెక్సాలో 1209 అనే తయారీదారు సంఖ్య కింద వస్తువు సంఖ్యలు ఉచితంగా ఇస్తున్నారు. ఊళ్లో కూర్చుని పరికరం చేసే కుర్రాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఈ తలనొప్పే వద్దని, యూఎస్‌బీ పనిని వేరే చిప్‌కు అప్పగించే దారి కూడా ఉంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్‌లో తయారైన ఎక్స్‌పైస్ అనే భౌతికశాస్త్ర ప్రయోగ పరికరం అలాగే చేసింది. సర్క్యూట్ పటాలు, ప్రోగ్రాములు అన్నీ బహిరంగం. యూఎస్‌బీ మాత్రం ఎంసీపీ2200 అనే రెడీమేడ్ చిప్ చూసుకుంటుంది. బోర్డుకు కాస్త ఖర్చు పెరుగుతుంది, వేగానికి హద్దు ఉంటుంది. బదులుగా ఫర్మ్‌వేర్ రాసే అధ్యాపకుడు ఓసిల్లోస్కోప్ మీద దృష్టి పెట్టగలుగుతాడు. కాలేజీ ప్రాజెక్టుకు నేనైతే ఇదే చెబుతాను. కీబోర్డులాగానో డ్రైవులాగానో కనిపించే పరికరం కావాలంటే మాత్రం ఈ దారి సరిపోదు, లైబ్రరీ తప్పదు.

మన జిల్లాల విద్యార్థులు ఈ లైబ్రరీలు రాయాలని నేననను. పరీక్షించడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు, అందులో మనకు ఒక అనుకూలత కూడా ఉంది. లైబ్రరీ రాసేవాళ్ల బల్ల మీద కొత్త ల్యాప్‌టాప్, మంచి కేబుల్, అసలైన బోర్డు ఉంటాయి. మన బడుల్లో పాత డెస్క్‌టాప్, పాత విండోస్, చవక హబ్, నకలు బోర్డు ఉంటాయి. తప్పులు దొరికేది ఇక్కడే. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడు వెనక రంధ్రంలో, ముందు రంధ్రంలో, హబ్ ద్వారా గుచ్చి చూడండి. కంప్యూటర్‌ను నిద్రపుచ్చి లేపండి. మూడు మిల్లీసెకన్లు తీగ మీద అలికిడి లేకపోతే బోర్డు కూడా నిద్రపోవాలి, లేపితే లేవాలి, కొన్ని ఫర్మ్‌వేర్‌లు లేవవు. వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ మాటలను కూడా రాసి చూపిస్తుంది. ఆ ఫైలు, బోర్డు పేరు, వెర్షన్ సంఖ్య జతచేసి ఆ ప్రాజెక్టు వాళ్లకు పంపండి. ఇంగ్లిషు తడబడినా ఏం కాదు. 64 బైట్ల దగ్గర ఆగుతోంది, 63 దగ్గరా 65 దగ్గరా ఆగట్లేదు అని ఒక్క ముక్క రాస్తే, ఏ ఫైలు తెరవాలో చదివినవాళ్లకు తెలిసిపోతుంది.